ఏ పీల్ అన్నది తర్వాత, ముందు ఆ ట్యూబ్ మీద ఏముందో చదవండి

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది పర్లాకిమిడి. నా వయసు 26. కాశీనగర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, రోజూ స్కూటీ మీద వెళ్ళి వస్తాను. నాది చామనఛాయ. కాలేజీ రోజుల నుంచి గడ్డం మీద, బుగ్గల మీద మొటిమలు వస్తున్నాయి. అవి తగ్గిన చోట నల్లమచ్చలు మిగిలిపోతున్నాయి. మాఘంలో నా పెళ్ళి, ఇంకా పది వారాలే ఉంది. బరంపురంలో ఒక పార్లర్‌లో అడిగితే గ్లైకాలిక్ పీల్ (మొహానికి యాసిడ్ రాసి చర్మం పైపొర రాలగొట్టడం) మూడు సిట్టింగులు చేయించుకుంటే మొహం క్లియర్ అయిపోతుందన్నారు. మా అప్ప ఆన్‌లైన్‌లో టీసీఏ 30 శాతం అని ఒక యాసిడ్ సీసా చూసింది, అదైతే ఇంట్లోనే ఒక్కసారి రాస్తే చాలంటోంది. నా చర్మానికి ఏ పీల్ సరిపడుతుంది? అన్నట్టు, మెడికల్ షాపులో ఇచ్చిన ఒక క్రీమ్ ఏడాదిగా రాస్తున్నాను. అది బాగానే పనిచేస్తోంది గానీ రెండు రోజులు మానేస్తే మొహం ఎర్రబడి మంట పెడుతోంది. ఇంకొకటి, అమ్మకు బుగ్గల మీద మంగు ఉంది. ఆవిడ కూడా పీల్ చేయించుకోవచ్చా?

జవాబు: ముందు ఆ క్రీమ్ సంగతి చూద్దాం. మీరు దాని పేరు రాయలేదు. కానీ రాస్తే మొహం నున్నగా ఉండటం, మానేస్తే ఎర్రబడి మంట పెట్టడం, ఈ రెండూ కలిశాయంటే నాకు మొదట వచ్చే అనుమానం స్టెరాయిడ్. ఇప్పుడే ఆ ట్యూబ్ తీసి చిన్న అక్షరాలు చదవండి. బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్, ఫ్లూసినోలోన్ అన్న పేర్లలో ఏ ఒక్కటి కనిపించినా అది స్టెరాయిడ్ క్రీమే. దాంతోపాటు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ అని కూడా ఉంటే, అది మంగు మచ్చలకు డాక్టర్లు కొద్ది వారాల పాటు వాడమని రాసిచ్చే మందు. మొటిమలున్న మొహానికి ఏడాది పొడుగునా రోజూ పూసుకోవాల్సింది కాదు.

ఇలాంటి క్రీమ్ మొదటి వారాల్లో అద్భుతంగా కనిపిస్తుంది. ఎరుపు తగ్గుతుంది, మచ్చ పలచబడుతుంది, ఇంట్లో వాళ్ళు కూడా మొహం వెలిగిపోతోందంటారు. నెలలు గడిచేకొద్దీ చర్మం పలచబడుతుంది, సన్నని ఎర్రటి నరాలు బయటికి కనిపిస్తాయి, బుగ్గల మీద నూగు పెరుగుతుంది, మళ్ళీ మొటిమల్లాంటి పొక్కులు లేస్తాయి. ఆపితే మంట, అందుకని మళ్ళీ రాయడం. ఇందులో మీ తప్పు ఏమీ లేదు. 2018లో కేంద్ర ప్రభుత్వం చర్మానికి పూసే స్టెరాయిడ్ మందులను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది, అంటే డాక్టర్ చీటీ లేకుండా వాటిని అమ్మకూడదు. అయినా అడిగిన వాళ్ళ చేతిలో ట్యూబ్ పెట్టేస్తూనే ఉన్నారు. ఈ విషయంలో నాకు చాలా కోపం ఉంది. పెళ్ళి కుదిరిన ఆడపిల్లల మొహాలే దీనికి ఎక్కువగా బలవుతున్నాయి.

మీరు పీల్ గురించి అడిగితే నేను క్రీమ్ గురించి ఇంతసేపు చెప్పడానికి కారణం ఉంది. స్టెరాయిడ్‌తో పలచబడిన చర్మం మీద యాసిడ్ పెడితే అది ఎంత లోతుకు దిగుతుందో ఎవరూ చెప్పలేరు. ఒకచోట పైపైన ఆగుతుంది, ఇంకోచోట కాల్చేస్తుంది. కాబట్టి ట్యూబ్ మీద ఆ పేర్లలో ఏదైనా ఉంటే, ఈ పది వారాల్లో మీకు సరిపడే పీల్ ఏదీ లేదు. పార్లర్‌దీ కాదు, ఆన్‌లైన్‌దీ కాదు, నేను చేస్తానన్నా వద్దనే చెప్పాలి.

ఏడాది నుంచి రాస్తున్న క్రీమ్‌ను ఒక్కసారిగా ఆపేయాలా, తగ్గిస్తూ రావాలా అన్నది మొహం చూసిన డాక్టరే నిర్ణయించాలి. ఈ వారంలోనే వెళ్ళండి. బరంపురంలో ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఆస్పత్రి ఉంది. ఇటు పాతపట్నం మీదుగా వస్తే శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆస్పత్రి ఉంది. ఎక్కడికి వెళ్ళినా చర్మవ్యాధుల ఓపీలో చూపించుకోండి. ప్రైవేటుగా వెళ్తే బోర్డు మీద ‘స్కిన్ స్పెషలిస్ట్’ అన్న మాటకు బదులు పేరు పక్కన ఎండీ డీవీఎల్ గానీ, డీడీవీఎల్ గానీ, అంటే చర్మవైద్యంలో డిగ్రీ లేదా డిప్లొమా ఉందేమో చూడండి. వెళ్ళేటప్పుడు ఆ ట్యూబ్, ఇప్పటివరకు మొహానికి వాడినవన్నీ ఒక కవర్లో వేసుకుని పట్టుకెళ్ళండి. పేర్లు గుర్తుచేసుకుని చెప్పడం కంటే అది నయం.

ఇక పీల్ అంటే ఏమిటో చెప్తాను, ఎందుకంటే ఇవాళ కాకపోయినా పెళ్ళయ్యాక ఎప్పుడైనా మీకు అది పనికి రావచ్చు. చర్మం పైపొరలో పాత కణాలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. యాసిడ్ ఆ పట్టును సడలిస్తుంది, నాలుగైదు రోజుల్లో ఆ పొర రాలిపోతుంది, కింద నుంచి కొత్తది వస్తుంది. ఎంత లోతుకు వెళ్ళిందన్నదే అన్నిటికంటే ముఖ్యం. పైపొర వరకే ఆగితే దాన్ని తేలిక పీల్ అంటాం. దాని కింది పొరకు చేరితే మధ్యస్థం, ఇంకా కిందికి పోతే లోతు పీల్.

మన చర్మానికి ఒక గుణం ఉంది. ఎక్కడ దెబ్బ తగిలినా, కాలినా, గోకినా అక్కడ నల్లగా మచ్చ కడుతుంది. పలాస, కాశీబుగ్గల్లో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళ చేతులు మీరు చూసే ఉంటారు. తొక్కలోని నూనె తగిలిన చోట చర్మం కాలి, పొర ఊడి, నలుపు నెలల తరబడి ఉండిపోతుంది. యాసిడ్ మోతాదు మించితే మొహం మీదా అదే జరుగుతుంది. 1975లో ఫిట్జ్‌పాట్రిక్ అనే అమెరికా చర్మవైద్యుడు, ఎండకు చర్మం ఎలా స్పందిస్తుందన్న దాన్ని బట్టి చర్మాన్ని రకాలుగా విడదీశారు. తర్వాత అది ఆరు రకాల లెక్కగా స్థిరపడింది. మనవాళ్ళలో ఎక్కువమంది నాలుగు, ఐదు రకాల్లోకి వస్తారు. తెల్లవాళ్ళ చర్మానికి రాసిన పద్ధతులు ఈ రకాలకు అలాగే దించుకుంటే మచ్చ పోగొట్టుకోవడానికి వెళ్ళి పెద్ద మచ్చ తెచ్చుకున్నట్టవుతుంది. అందుకే చామనఛాయకు నేను తేలిక పీల్స్ మాత్రమే, అవీ తక్కువ శాతంతో మొదలుపెట్టి, మెల్లగా పెంచుకుంటూ పోతే చాలంటాను.

మీలా మొటిమలు ఇంకా వస్తున్నవాళ్ళకు నా మొదటి ఎంపిక సాలిసిలిక్ యాసిడ్. ఇది నూనెలో కరుగుతుంది కాబట్టి జిడ్డుతో మూసుకుపోయిన రంధ్రాల్లోకి దిగి పనిచేస్తుంది. డాక్టర్లు 20 నుంచి 30 శాతం వాడతారు. రాసిన కాసేపటికి మొహం మీద తెల్లటి పొడిలా తేలుతుంది. అది మందు ఆరిపోయి మిగిలిన పొడి, చర్మం కాలిన గుర్తు కాదు, భయపడక్కర్లేదు. దాని పని అక్కడితో ఆగిపోతుంది, విడిగా విరుగుడు అవసరం లేదు. ఆస్ప్రిన్ పడని వాళ్ళకు మాత్రం ఇది వద్దు. గర్భం ఉన్నా, వచ్చే అవకాశం ఉన్నా ముందే చెప్పాలి.

మొటిమలు బాగా అదుపులోకి వచ్చి, నల్లమచ్చలే మిగిలినప్పుడు మాండెలిక్ యాసిడ్ మంచిది. చేదు బాదం నుంచి మొదట తీసిన యాసిడ్ ఇది. దీని అణువు పెద్దది, అందుకని చర్మంలోకి నెమ్మదిగా దిగుతుంది. నెమ్మదిగా దిగడం వల్ల మంట తక్కువ, నల్లబడే భయం తక్కువ. పొడి చర్మానికి, త్వరగా చురుక్కుమనే చర్మానికి లాక్టిక్ యాసిడ్ వాడతాం. సాలిసిలిక్, లాక్టిక్, రిసార్సినాల్ మూడూ కలిపిన జెస్నర్ ద్రావణం కూడా ఉంది గానీ మొదటిసారికి అక్కడి దాకా వెళ్ళక్కర్లేదు.

పార్లర్ వాళ్ళు చెప్పిన గ్లైకాలిక్ యాసిడ్ చెడ్డదేమీ కాదు. చెరకులోనూ ఉండే యాసిడ్ అది, మంచి డాక్టర్ చేతిలో బాగా పనిచేస్తుంది. కానీ మాండెలిక్, లాక్టిక్, గ్లైకాలిక్ ఒకే కుటుంబం యాసిడ్లు, అందులో దీని అణువే అన్నిటికంటే చిన్నది, చకచకా లోపలికి పోతుంది. గడియారం చూసుకుంటూ నిమిషాల లెక్కన ఉంచి, ఎరుపు కనపడగానే బేకింగ్ సోడా నీళ్ళతో దాన్ని ఆపాలి. ఆపడం ఒక్క నిమిషం ఆలస్యమైనా చామనఛాయ మీద అది తెలుస్తుంది. సీసా మీద శాతం చూసి బలం అంచనా వేయడం కూడా కుదరదు. పీహెచ్ అనే అంకె కూడా చూడాలి, అది తగ్గేకొద్దీ యాసిడ్ ఘాటు పెరుగుతుంది. 30 శాతం గ్లైకాలిక్, పీహెచ్ 3 దగ్గర ఉంటే ఒక రకం, 1 దగ్గర ఉంటే పూర్తిగా వేరే రకం. అమెరికాలో సౌందర్య సాధనాల భద్రతను చూసే నిపుణుల బృందం, ఇంట్లో వాడే ఈ రకం క్రీముల్లో యాసిడ్ 10 శాతం దాటకూడదని, పీహెచ్ 3.5కి తగ్గకూడదని చెప్పింది. ఆ పార్లర్‌లో శాతం ఎంత, పీహెచ్ ఎంత, ఏ నిమిషంలో ఆపుతారు, కాలితే చూసే డాక్టర్ ఎవరు అని ఒక్కసారి అడిగి చూడండి. జవాబు లేని చోట మొహం అప్పగించకండి. పైగా పీల్‌కూ పీల్‌కూ మధ్య రెండు నుంచి నాలుగు వారాలు ఎడం ఉండాలి, సాధారణంగా నాలుగు నుంచి ఆరు సార్లు పడుతుంది. మూడింటితో మొహం క్లియర్ అని మీ మొహం పూర్తిగా చూడకుండానే మాట ఇచ్చిన వాళ్ళను నేను నమ్మను.

మీ అప్ప చూసిన టీసీఏ సీసా సంగతి మాత్రం గట్టిగా చెప్పాలి. టీసీఏ అంటే ట్రైక్లోరోఎసిటిక్ యాసిడ్. అది 30, 35 శాతం అంటే పైపొర దాటి కిందికి దిగే బలం. దానికి విరుగుడు లేదు. రాసిన చోట చర్మంలోని ప్రోటీన్ గడ్డకట్టి తెల్లగా మారుతుంది, ఆ తెలుపు వచ్చాక నీళ్ళతో ఎంత కడిగినా జరిగిన పని వెనక్కి రాదు. ఒక పూత మీద ఇంకో పూత వేస్తే లోతు పెరుగుతుంది, ఇంట్లో అద్దం ముందు కూర్చున్న వాళ్ళు సరిగ్గా చేసేది అదే, పనిచేసినట్టు లేదని ఇంకోసారి రాయడం. 2024 జూలైలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, ఆన్‌లైన్‌లో దొరికే బలమైన టీసీఏ, గ్లైకాలిక్, సాలిసిలిక్, లాక్టిక్ పీల్స్‌ను డాక్టర్ పర్యవేక్షణ లేకుండా కొని వాడొద్దని ప్రజలను హెచ్చరించింది. మీ అప్ప మీ మీద ప్రేమతోనే వెతికింది, ఆమెకు ఈ భాగం చదివి వినిపించండి. ఆర్డర్ పెట్టి ఉంటే సీసా మూత తీయకుండా వెనక్కి పంపేయండి. ఫీనాల్ పీల్ అనేది ఇంకా లోతైనది, గుండె లయ తప్పే ప్రమాదం ఉండటంతో మానిటర్ పెట్టి చేస్తారు, మన రంగు చర్మానికి దాని ఊసే వద్దు.

పెళ్ళి వరకు ఈ పది వారాలూ ఏం చేయాలంటారా. ఆ ట్యూబ్ సంగతి డాక్టర్‌కే వదిలేసి, ఆయన్ని కలిసే వరకు మొహానికి మిగతావాటిలో మూడే ఉంచండి: సబ్బు బదులు మంట పెట్టని ఫేస్‌వాష్, వాసన లేని మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్. నిమ్మరసం, టూత్‌పేస్టు, స్క్రబ్, బ్లీచ్ ఏవీ వద్దు. నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే కాలిన మచ్చలు పడతాయి. స్టెరాయిడ్ తగ్గించేటప్పుడు మొదటి వారాల్లో మొహం ఎర్రగా, పొక్కులతో, ఇప్పటికంటే అధ్వాన్నంగా కనిపించవచ్చు. అప్పుడు టెన్షన్ పడి మళ్ళీ ఆ ట్యూబ్ తీయకండి. మంట తగ్గడానికి డాక్టర్ వేరే మందు ఇస్తారు. చర్మం కాస్త కుదుటపడ్డాక మొటిమలకు అడాపలీన్, మచ్చలకు అజెలాయిక్ యాసిడ్ లాంటివి మొదలుపెట్టవచ్చు. అజెలాయిక్‌కు ఇంకో మంచి గుణం, గర్భంలో కూడా వాడుకోవచ్చు. మొండి మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు రాస్తే మాత్రం పెళ్ళి సంగతి తప్పకుండా చెప్పండి. ఆ మాత్రలు వాడుతున్నంత కాలం, ఆపాక ఇంకో నెల గర్భం రాకూడదు, బిడ్డకు తీవ్రమైన లోపాలు వస్తాయి. కొత్తగా పెళ్ళైన అమ్మాయిలకు ఈ మాట చెప్పడం మరిచిపోతే ఎంత నష్టమో నాకు తెలుసు, అందుకే అడగకపోయినా రాస్తున్నాను.

రోజూ కాశీనగర్‌కు స్కూటీ మీద వెళ్తున్నానన్నారు. మీ మచ్చలు తగ్గకపోవడానికి సగం కారణం అక్కడే ఉండవచ్చు. మొటిమ మానినా ఎండ ఆ నలుపును నిలబెడుతుంది. ఎస్‌పీఎఫ్ 30 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న సన్‌స్క్రీన్, చూపుడువేలు, మధ్యవేలు పొడుగునా రెండు గీతలు పిండితే ఎంత వస్తుందో అంత, మొహానికి మెడకు కలిపి రాయండి. చిటికెడు రాస్తే రాసినట్టు కాదు. బయల్దేరడానికి పావుగంట ముందు ఒకసారి, మధ్యాహ్నం తిరుగు ప్రయాణానికి ముందు ఇంకోసారి. పలచటి చున్నీ ఎండను పెద్దగా ఆపదు, దళసరి కాటన్ స్కార్ఫ్ కట్టుకుని దాని మీద హెల్మెట్ పెట్టుకోండి.

పెళ్ళి పనుల్లో మీ మొహం మీద చెయ్యి వేసేవాళ్ళు చాలామంది ఉంటారు. నలుగు పెట్టేటప్పుడు శనగపిండితో మొహం రుద్దొద్దని పిన్నులకు, అత్తలకు ముందే చెప్పి ఉంచండి. ఒంటికి ఎలా పెట్టినా పర్లేదు, మొహానికి పసుపు వేలితో అద్ది వదిలేస్తే చాలు. బ్రైడల్ ప్యాకేజీలో ఫేషియల్, బ్లీచ్ కలిపే ఉంటాయి, ఆ రెండూ తీసేసి మేకప్ మాత్రం ఉంచమనండి. ఆ మేకప్ సామాను కూడా వారం ముందు దవడ కింద కొంచెం రాసి పడుతుందో లేదో చూడాలి.

మాఘానికి మచ్చలన్నీ పోతాయని మీకు మాట ఇవ్వలేను. పలచబడతాయి, మొటిమలు తగ్గుతాయి, చర్మం నెమ్మదిస్తుంది, ఆ తర్వాత మేకప్ చక్కగా కూర్చుంటుంది. ఏ పీల్ అయినా పుట్టుకతో వచ్చిన రంగును మార్చదు. మచ్చను మాత్రం చుట్టూ ఉన్న రంగుకు దగ్గర చేస్తుంది. మీరు చామనఛాయ అని రాసిన తీరులో కొంచెం దిగులు ఉన్నట్టు నాకు అనిపించింది, అలా లేకపోతే సంతోషం. ఆ ఛాయకు వైద్యం అక్కర్లేదు.

పెళ్ళయ్యాక చర్మం పూర్తిగా కోలుకుందని డాక్టర్ అన్నప్పుడు పీల్ ఆలోచించండి. నిజమైన పీల్ కుర్చీలో కూర్చోవడానికి రెండు నుంచి నాలుగు వారాల ముందే మొదలవుతుంది. సన్‌స్క్రీన్ క్రమంగా వాడిస్తారు, రాత్రిపూట ఒక క్రీమ్ ఇచ్చి చర్మాన్ని సిద్ధం చేస్తారు, దాన్ని కొద్ది రోజుల ముందు ఆపిస్తారు. వారం ముందు నుంచి మొహానికి వ్యాక్సింగ్, థ్రెడింగ్ ఉండవు. నోటి పక్కన అప్పుడప్పుడూ జ్వరం పొక్కులు వచ్చే అలవాటు ఉన్నా, దెబ్బ తగిలిన చోట మచ్చ గడ్డలా ఉబ్బే తత్వం ఉన్నా ముందే చెప్పాలి. మొదట చెవి వెనక చిన్న చోట రాసి చూడమని అడగండి. చేసిన తర్వాత చర్మం పొట్టు లేస్తుంది, గోటితో లాగకండి, లాగిన చోటే నల్లబడుతుంది. స్కూల్‌కు సెలవులున్న వారంలో పెట్టుకుంటే ఎండ బాధ కూడా తప్పుతుంది. చురుకు, కొద్దిపాటి ఎరుపు మామూలే. నీటి పొక్కులు లేచినా, రసి కారినా, మూడో రోజుకు కూడా నొప్పి పెరుగుతూనే ఉన్నా మర్నాటి దాకా ఆగకుండా చేసిన డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

అమ్మగారి మంగు వేరే కథ. అది వంశంలో ఉండవచ్చు, హార్మోన్ల వల్ల రావచ్చు, ఎండతో, వేడితో ముదురుతుంది. మంగుకు పీల్ మొదటి మందు కాదు. తొందరపడి చేస్తే తాత్కాలికంగా తగ్గి రెట్టింపుగా తిరిగి వస్తుంది. వుడ్స్ ల్యాంప్ అనే దీపం కింద చూసి, రంగు పైపొరలో ఉందా లోపలికి దిగిందా అన్నది డాక్టర్ అంచనా వేస్తారు. లోపలికి దిగి బూడిద రంగులో ఉంటే తేలిక పీల్స్‌తో పెద్దగా మార్పు రాదు. కంటికి కనిపించే వెలుతురు కూడా మంగును పెంచుతుంది కాబట్టి ఆవిడకు మామూలు తెల్ల సన్‌స్క్రీన్ కంటే ఐరన్ ఆక్సైడ్ ఉన్న, చర్మం రంగులో ఉండే సన్‌స్క్రీన్ మంచిది. ఇంట్లో ఉన్నా రాసుకోవాలి. ఇంకొకటి అడగండి, ఆవిడ జుట్టుకు నల్ల రంగు వేసుకుంటున్నారా? నలుపు బుగ్గలతో ఆగకుండా నుదురు, చెంపల పక్కలు, మెడ దాకా పాకుతుంటే అది మంగు కాకుండా హెయిర్‌డై పడకపోవడం కావచ్చు. బొట్టు పెట్టుకునే చోట మాత్రమే నల్లగా ఉంటే కుంకుమను, స్టిక్కర్ జిగురును అనుమానించాలి. ఇవి ఆపకుండా ఏ పీల్ చేసినా డబ్బు దండగే. మీరు ఓపీకి వెళ్ళే రోజునే అమ్మగారినీ తీసుకెళ్ళండి, హెయిర్‌డై ప్యాకెట్ కూడా ఆ కవర్లోనే వేసుకుని ఇద్దరి చీటీలూ ఒకేసారి రాయించుకోండి.